పువ్వు పెట్టుకోని రూబెన్

నవంబరు వచ్చిందంటే థార్న్ ఊళ్లో ఎర్రపువ్వులు ఎక్కువగా చేతులు మారేది బూట్లు బాగుచేసే రూబెన్ హీత్‌కోట్ కొట్లోనే. ఊరంతటికీ కోటు మీద ఎర్రపువ్వు లేని మనిషి కూడా ఆ రూబెనే. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా ఇమిడాయంటే, దానికి పెద్ద కారణమేమీ లేదు. వీధిలో చలి, కొట్లో చిన్న గ్యాసు పొయ్యి.

ఆ పొయ్యి పక్కన ఎత్తు పీట మీద ఇరవై రెండేళ్లుగా అతని వదిన హెట్టీ కూర్చుంటోంది. మొదటి ఏడు "పది నిమిషాలు కాళ్లు కాచుకుని పోతానోయ్" అంటూ వచ్చింది. ఒళ్లో అట్ట ట్రే, ట్రే నిండా కాగితంతో చేసిన గసగసాల పూలు. యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకుంటూ ఊళ్లోవాళ్లు ఆ రెండు వారాలూ గుండె మీద గుచ్చుకునేవి అవే. ఆమె అడిగిన పది నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు.

ఆమె టీకని పక్కింటికి వెళ్లినప్పుడు అమ్మకం రూబెన్‌దే. పువ్వు ఇచ్చి ఊరుకోడు. గుండుసూది ఊడిపోకుండా కోటు లోపలివైపు చిటికెడంత తోలుముక్క పెట్టి, దాంట్లోకి సూది దించుతాడు. చేతులు వణికే ముసలివాళ్లకు తనే వంగి గుచ్చిపెడతాడు. అలా గుచ్చించుకోవడానికే పై వీధి ఆడవాళ్లు హెట్టీ టీకి వెళ్లే వేళ చూసుకుని వస్తారని ఊళ్లో చెప్పుకుంటారు. "ఎవరికైనా గుచ్చడంలో మా మరిదిని మించినవాడు లేడు, తనకు గుచ్చుకోవడమే చేతకాదు," అని హెట్టీ వచ్చినవాళ్లందరితోనూ అంటుంది. రూబెన్ అప్పుడు ఏదో మడమకు మేకు కొడుతూ ఉంటాడు, చెవులు వినిపించనట్టు.

ఏటా ట్రే దించిన మొదటి రోజు ఇద్దరి మధ్యా ఒక మాట నడుస్తుంది.

"ఈ ఏడైనా బుద్ధొచ్చిందా అబ్బాయ్?"

"బయల్దేరిందిట వదినా. ఇంకా దార్లోనే ఉంది."

అంతే. ఆ తరువాత ఆమె పూలు ఆమెవి, అతని బూట్లు అతనివి. గురువారం గురువారం ఆమె తెచ్చే కాలేయం, ఉల్లిపాయల కూర మాత్రం ఇద్దరిదీ.

రూబెన్ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అడుగు అంటించాల్సిన బూటు ఒకటి గుర్తొచ్చి లోపలికి వెళ్లిపోతాడు. హెట్టీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆమెను ఆ సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె భర్త వాల్టర్, రూబెన్‌కు అన్న. పందొమ్మిది వందల యాభై ఒకటి వసంతంలో కొరియాలో పోయాడు. హెట్టీకి అప్పుడు ఇరవై ఏళ్లు, రూబెన్‌కు పదమూడు. ఒకే మనిషి పోయాడు, ఒకే ఇంట్లో ఏడ్చారు, అయినా ఇద్దరికీ రెండు రకాల జ్ఞాపకం మిగిలింది. ఆ చలికాలం హెట్టీ ఇంట్లో పొయ్యి వెలగకపోతే, మాజీ సైనికుల సంఘం వాళ్లు అడక్కుండానే ఒక బస్తా బొగ్గు తెచ్చి గుమ్మంలో దించి, తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోయారు. ఆ బొగ్గు ఎర్రపువ్వుల డబ్బుతో కొన్నది. భర్త సమాధి భూమికి అవతలి అంచున ఉంది, వెళ్లి ఒక పువ్వు పెట్టే దారి లేదు. అందుకని ఆ పువ్వేదో తన గుండె మీదే పెట్టుకుంటుంది.

రూబెన్‌కు మిగిలింది వేరు. ఆ ఏడాది నవంబరులో బడి పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. బ్యాండు మోగింది. ఎవరో పెద్దాయన వచ్చి రూబెన్ చొక్కాకు పువ్వు గుచ్చి, మీ అన్నది ఎంత ఘనమైన చావో తెలుసా అని చెప్పి, చేతిలో మిఠాయి పెట్టి బుగ్గ తట్టి పోయాడు. రూబెన్ ఇంటికొచ్చి అమ్మ ముందు నిలబడితే ఆమె ఆ పువ్వు వంక చూసి, వంటింట్లోకి వెళ్లి, చాలాసేపటిదాకా బయటికి రాలేదు. తను పండక్కి ముస్తాబైనట్టు కనిపించానేమోనని అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు అరవై అయిదేళ్లు వచ్చినా వదల్లేదు. పువ్వు పెట్టుకున్నవాళ్లను ఒక్క మాట అనడు. తను మాత్రం పెట్టుకోడు.

అతను చేసేది వేరే ఉంది. థార్న్‌లో చర్చి గోపురంలో ఆరు గంటలున్నాయి. వాల్టర్ సైన్యంలోకి పోకముందు మూడో గంట తాడు లాగేవాడు. అతను పోయిన మరుసటి ఏడు గంటలు మోగించే పెద్దలు రూబెన్‌ను పిలిచి, మాట్లాడకుండా ఆ తాడు చేతికిచ్చారు. అప్పటినుంచి పోయినవాళ్లను తలుచుకునే ఆదివారం నాడు మూడో గంట రూబెన్‌దే. అది ఆ ఊరివాళ్ల ఆదివారం, అతని ఒక్కడిదీ కూడా.

ఆ రోజు గంటలు మామూలుగా మోగవు. ప్రతి గంట నాలుకకూ ఒక పక్కన మాత్రమే తోలు తొడుగు కడతారు. తాడు మొదటిసారి లాగితే గంట నిండుగా మోగుతుంది. రెండోసారి తోలు అడ్డొచ్చి, అదే స్వరం కొండకు అవతల ఎవరో పలికినట్టు వినిపిస్తుంది. ఆ తొడుగులు కుట్టింది రూబెనే. ముప్ఫై ఏళ్లుగా వాటికి నూనె రాసి, బిస్కెట్ల డబ్బాలో దాచి, ఏటా మోకాళ్లు తిట్టుకుంటూ నిచ్చెనెక్కి కట్టేది కూడా అతనే.

రెండువేల మూడో సంవత్సరం నవంబరు మొదటి సోమవారం నాడు చర్చి వాకిట్లో ఒక కాగితం అంటించారు. ఆదివారం ఆరాధనలో ఏ పని చేసేవారైనా, చదివేవారు, పాడేవారు, గంటలు మోగించేవారు, తప్పనిసరిగా ఎర్రపువ్వు ధరించాలని అందులో ఉంది. కింద సంఘపెద్ద లయొనెల్ బాగ్‌షా గారి సంతకం. పాస్టరుగారికి మూడు ఊళ్లు. ఆయన సైకిలు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సంగతే ఆయనకు తెలుస్తుంది, మిగతాది బాగ్‌షా గారు చూసుకుంటారు.

ఎవరి పేరూ రాయకపోయినా అది ఎవరికోసమో ఊరంతటికీ తెలుసు. మధ్యాహ్నానికల్లా మాంసం కొట్టు దగ్గర రూబెన్ పెట్టుకుంటాడా, తాడు వదులుకుంటాడా అని రెండు పక్షాలు తేలాయి. పెట్టుకోకపోవడం పోయినవాళ్లకు అవమానమని ఒక పక్షం. యుద్ధాన్ని ముస్తాబు చేయడం కంటే నయమేనని ఇంకో పక్షం. ఇన్నేళ్లూ తలుచుకున్నా మళ్లీ ఈ వసంతంలో పిల్లల్ని ఇరాక్‌కు పంపారు కదా అని వాళ్ల మాట. వాదించుకున్న రెండు పక్షాలవాళ్లూ సాయంత్రం బూట్లు తీసుకుని రూబెన్ కొట్టుకే వచ్చారు. అతని మొహం చూద్దామని వచ్చారు గాని, వచ్చాక ఏమడగాలో తోచక, బాగానే ఉన్న మడమలు మార్పించుకుని పోయారు.

హెట్టీ ఆ రోజు ట్రే తేలేదు. ఒక్కతే వచ్చి పొయ్యి ముందు నిలబడింది.

"ఒక్క గంటసేపు పువ్వు పెట్టుకుంటే చచ్చిపోవుగా."

"పోను వదినా."

"మరి పెట్టుకో. తాడు వాల్టర్‌ది. దాన్ని ఇంకొకడి చేతికిస్తావా?"

రూబెన్ చేతిలో బూటు బల్ల మీద పెట్టాడు. అన్న తాడు పట్టుకోవాలంటే తను పదమూడేళ్ల సిగ్గును మళ్లీ గుండె మీద గుచ్చుకోవాలి. అలా గుచ్చుకుని లాగితే ఆ గంట మోగుతుంది గాని, మోగించేది తను కాదు. ఇదంతా అతనికి మాటల్లో పెట్టడం రాదు. "నా వల్ల కాదు వదినా," అని మాత్రం అన్నాడు. ఆమె మొండిముండాకొడుకని గొణిగి, వెళుతూ వెళుతూ తలుపు గట్టిగా వేసింది. మర్నాడూ ఆ మర్నాడూ ట్రేతో వచ్చింది, పీట మీద కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. గురువారం కూర మాత్రం తెచ్చింది, కోపంలో ఉప్పు కాస్త ఎక్కువైంది. రూబెన్ గిన్నె అడుగుదాకా తిన్నాడు.

మూడో గంటకు డెన్నిస్ ఫర్నెస్‌ను పెట్టారు. డెన్నిస్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు, మంచివాడు, ఏదైనా పుస్తకం చూసి నేర్చుకునే రకం. ఆ గురువారమే తొడుగుల డబ్బా కోసం మొహమాటపడుతూ కొట్టుకు వచ్చాడు. రూబెన్ డబ్బా తుడిచి ఇచ్చి, పైకి తను కూడా వస్తానన్నాడు. వద్దొద్దు, మీ మోకాళ్లకు శ్రమ, అన్నీ బొమ్మలతో సహా చదివానన్నాడు డెన్నిస్. రూబెన్ ఇంకేదో చెప్పబోయాడు. డెన్నిస్ థాంక్స్ చెప్పి, గుమ్మం దగ్గర ఇంకోసారి చెప్పి, వీధిలోంచి కూడా చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరింటికి సాధన మొదలైంది. ఊరు చెవులు రిక్కించింది. థార్న్‌లో ఆరు గంటల్లో రెండు, మొదటిదీ నాలుగోదీ, మిగతావాటికి ఎదురుముఖంగా వేలాడుతాయి. ఆ రెంటికీ తొడుగు అవతలి పక్కన కట్టాలి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. డెన్నిస్ ఆరింటికీ కిటికీ వైపే వరసగా, ఎంతో నీటుగా కట్టాడు. నాలుగు గంటలు నిండుగా మోగేటప్పుడు రెండు ముక్కుతూ మూలిగాయి. ఆ నాలుగూ గొంతు తగ్గించి దూరంగా పలికేసరికి ఈ రెండూ ఠంగ్ ఠంగ్‌మని విరుచుకుపడ్డాయి. అందరూ మోకరించి ప్రార్థిస్తుంటే ఇద్దరు లేచి అప్పడాలు కావాలా అని అరిచినట్టుంది. సారా కొట్టు ముందు జనం మొదట భయపడ్డారు, తరవాత నవ్వారు. చివరికి ఒక ముసలాయన టోపీ తీసి గంటల ఆత్మకు శాంతి కలగాలన్నాడు.

రూబెన్ కొట్లో దీపం వేసుకుని విన్నాడు. నవ్వలేదు. డెన్నిస్ మొహం ఎలా ఉండి ఉంటుందో తలుచుకుని, రేపు కనబడితే ఏం మాట్లాడాలో ఆలోచించుకున్నాడు. వాతావరణం గురించి మాట్లాడదామని నిశ్చయించుకున్నాడు.

శుక్రవారం పొద్దున బాగ్‌షా గారు కొట్టుకు వచ్చారు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ మడతలా ఉంటారు. హెట్టీ పీట మీదే ఉంది. ఆయన ఆమెకు నమస్కరించి, గొంతు సవరించుకుని, తొడుగుల విషయంలో కొంచెం సాంకేతికమైన ఇబ్బంది వచ్చిందని, రూబెన్ గారు వాటిని సరిచేస్తే సంఘం కృతజ్ఞతగా ఉంటుందని చెప్పారు.

"రేపు పొద్దున్నే కడతాను," అన్నాడు రూబెన్.

ఆయన కొంచెం తడబడ్డారు. బతిమాలాల్సి వస్తుందని సిద్ధపడి వచ్చారు మరి. "మోగించే సంగతి..."

"అది మీ ఇష్టం. కట్టడానికి పువ్వు అక్కర్లేదుగా. పైన పావురాలే ఉంటాయి."

హెట్టీ లేచింది. ఒళ్లోని ట్రే తీసి, ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఎందుకో తెలియకుండానే పట్టుకున్నారు.

"ఇంక మీరే తిరగండి బాగ్‌షా గారూ. మీరు కాగితం అంటించి పెట్టుకోమంటే అది పువ్వు కాదు, యూనిఫారం. నేను యూనిఫారాలు అమ్మను."

"హెట్టీగారూ, మీరే ఇలా అంటే ఎలా? మీవారు..."

"మావారి కోసం నన్ను పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. అందుకే అది నాది. వీడికి ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, వీడు వినలేదు. నేను చెప్తేనే వినని మొండిఘటం మీ కాగితానికి వింటాడా? వింటే నాకు పరువుతక్కువ కాదూ?"

బాగ్‌షా గారు ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డారు. దించాలంటే చోటు లేదు, బల్ల నిండా బూట్లు. ఆయన చేతుల్లో పూలు సన్నగా గలగలలాడాయి. అది మొదట గమనించింది రూబెన్.

"గైల్స్ దగ్గర్నించి ఉత్తరం ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగాడు.

గైల్స్ ఆయన ఒక్కగానొక్క కొడుకు, సైన్యంలో చేరి ఇరాక్‌లో, బాస్రాలో ఉన్నాడు. భార్య పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఆయన ఒక్కరే.

"పంతొమ్మిది రోజులైంది." కొంచెం ఆగి అన్నారు, "పువ్వు లేని కోటు చూస్తే... మావాడు అక్కడుంటే ఉండనీ, మనకేంటి అన్నట్టు కనిపిస్తోంది నాకు. అలా కాదని తెలుసు. రాత్రి నిద్రపట్టనప్పుడు రాశాను ఆ కాగితం."

రూబెన్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకున్నాడు.

"వదినా, ఒకటి ఇలా ఇయ్యి."

"ఏంటి?"

"పువ్వు."

హెట్టీ బాగ్‌షా గారి చేతుల్లోంచి ట్రే లాక్కుని గుండెకు ఆనించుకుంది. "ఇవ్వను."

"ఇరవై రెండేళ్లు పోరావు కదా, ఇప్పుడు అడుగుతుంటే..."

"ఇప్పుడు నువ్వడుగుతోంది పువ్వు కాదు. ఈయన్ని చూసి జాలేసింది నీకు. జాలికి పెట్టుకునేది కాదు ఇది. నీది కాని పువ్వు పెట్టుకుని నువ్వు మోగిస్తే మీ అన్న మెచ్చుకుంటాడనుకుంటున్నావా? ఈ కొట్లో నా ట్రేలోంచి ఒక్కటి ముట్టుకున్నావంటే వేళ్లు విరుస్తాను."

ఇన్నేళ్లుగా ఎర్రపువ్వులు అమ్ముతున్న హెట్టీ హీత్‌కోట్ పువ్వు ఇవ్వనన్న మనిషి రూబెన్ ఒక్కడే. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. ఎవరూ నమ్మలేదు.

బాగ్‌షా గారి మొహంలో ఏదో సడలింది. అది నవ్వో ఏడుపో ఆయనకే తేలినట్టు లేదు. రూబెన్ పీట తుడిచి వేస్తే కూర్చున్నారు. హెట్టీ పక్కింటికి పోయి టీ తెచ్చింది. ఆయన తాగి, కప్పు జాగ్రత్తగా బూట్ల మధ్య పెట్టి, వెళుతూ గుమ్మంలో ఆగారు.

"మూడో గంట మీదే రూబెన్ గారూ. కోటు ఎలా ఉంటే అలా రండి."

వెళ్లేటప్పుడు వాకిట్లో కాగితం ఆయనే పీకేశారట. గట్టిగా అంటించడంతో పూర్తిగా రాలేదు. "తప్పనిసరిగా" అన్న మాట ఒక్కటి తలుపుకు అతుక్కుని చాలా రోజులుంది.

శనివారం రూబెన్ డెన్నిస్‌ను కూడా పైకి తీసుకెళ్లాడు. తను కట్టకుండా, నిచ్చెన మీద నిలబడి చూపిస్తూ ఆరింటినీ అతని చేతే కట్టించాడు. ఇది నాకు కూడా మొదటి ఏడు తెలియలేదయ్యా అని అబద్ధం చెప్పాడు. దేవుడు అలాంటి అబద్ధాలు లెక్కలో వేసుకోడని నా నమ్మకం.

ఆదివారం చలి కొరికింది. ఊరు ఊరంతా చర్చి ముందు రాతిస్తంభం దగ్గర చేరింది. అందరి గుండెల మీదా ఎర్రచుక్కలు. గోపురంలో రూబెన్ పాత గోధుమరంగు కోటు మేకుకు తగిలించి, చొక్కా చేతులు మడిచి తాడు అందుకున్నాడు. మొదటి లాగుకు ఆరు గంటలూ నిండుగా, వరసగా మోగాయి. రెండో లాగుకు ఆ ఆరే ఎక్కడో దూరంగా, మెత్తగా బదులు పలికాయి. మోగినంతసేపూ రూబెన్ పెద్దగా ఏమీ అనుకోలేదు, చేతులు తప్పకూడదనే చూసుకున్నాడు. మెత్తగా పలికే ఆ దెబ్బకు మాత్రం ప్రతిసారీ కళ్లు మూసుకున్నాడు. ఏళ్లుగా పక్క తాడు లాగేవాళ్లకు అది తెలుసు. ఎవరూ ఆ సంగతి ఎత్తరు.

కింద బాగ్‌షా గారు పేర్లు చదివారు. రెండు పెద్ద యుద్ధాల పేర్లయ్యాక చివర్న ఒంటరిగా ఉన్న పేరు దగ్గర, వాల్టర్ హీత్‌కోట్ అనే చోట, ఆయన కాగితం మీంచి తలెత్తి గోపురం వైపు చూశారు.

జనం చెదిరాక గేటు దగ్గర ఆయన రూబెన్ కోసం నిలబడి ఉన్నారు. ఒకరి కోటుకు పువ్వుంది, ఒకరి కోటుకు లేదు. చూసేవాళ్లు చూశారు. హెట్టీ ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని వచ్చి కలిసింది.

"పదకొండేళ్లుగా ఆ పేరు చదువుతున్నాను," అన్నారు బాగ్‌షా గారు. "ఎలాంటి మనిషో ఒక్కసారీ అడగలేదు."

రూబెన్ నడక ఆపాడు. ఊళ్లో ఆ పేరు ఏటా వింటారు గాని, ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

"ఈల వేసేవాడు. ఈల వేయడం రాదు."

"ఎందుకు రాదు? బ్రహ్మాండంగా వేసేవాడు," అంది హెట్టీ. "నీకే వినడం రాదు."

"కుక్కలు పారిపోయేవి వదినా."

"అవి మీ ఇంటి కుక్కలు. వాటికేం తెలుసు? ఈల వేసే కదా నన్ను పెళ్లికి అడిగాడు. మాటలు రాక."

"ఈ సంగతి నాకు చెప్పలేదే."

"నువ్వెప్పుడడిగావు?"

యాభై రెండేళ్లుగా వీళ్లిద్దరూ ఆ మనిషి చావు గురించే పోట్లాడుకున్నారు గాని, ఈల గురించి ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ముగ్గురూ వీధి దిగసాగారు. రూబెన్ మోకాళ్లు నిచ్చెనెక్కినందుకు ఇప్పుడు వడ్డీ అడుగుతున్నాయి. అది చూసి బాగ్‌షా గారు ఏమీ అనకుండా తన నడక తగ్గించారు. హెట్టీ ఇంటి గుమ్మం దగ్గర ఆయన టోపీ తీసి సెలవు తీసుకోబోయారు.

"ఎక్కడికి? పొయ్యిలో మాంసం ముగ్గురికి సరిపడా ఉంది," అంది హెట్టీ. "ఉర్లగడ్డలు ఒలుద్దురు గాని రండి. ఒలుస్తూ మీవాడి గురించి చెప్పండి. మాదంతా యాభై ఏళ్ల పాత సరుకు, వాడిది తాజా."

బాగ్‌షా గారు బూట్లు గుమ్మంలో విడిచి, చొక్కా చేతులు మడిచి, కత్తి అందుకున్నారు. ఉర్లగడ్డ ఒలవడం ఆయనకు బొత్తిగా రాదని మొదటి దానితోనే తేలిపోయింది. సగం గడ్డ తొక్కతోనే పోయింది. రూబెన్ కత్తి తీసుకుని, ఎలా పట్టుకోవాలో చూపించి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చాడు.

"మావాడు చిన్నప్పుడు బఠాణీలు తినేవాడు కాదు," అని మొదలుపెట్టారు బాగ్‌షా గారు. "జేబుల్లో దాచేవాడు..."